కమాను మీద ఎర్ర దారం

జేజి పోయిందన్న కబురు నన్ను చేరేసరికి, నా చేతిలోంచి డిస్కు అప్పుడే వెళ్లిపోయి ఉంది.

కర్నూలులో మా హాస్టలు వెనక మైదానం. పొద్దున ఆరున్నర. కంచమంత ప్లాస్టిక్ డిస్కును విసిరి పట్టుకునే ఆట కొత్తగా నేర్చుకుందామని వచ్చిన అమ్మాయిలు ఆరుగురు అటువైపు నిలబడి ఉన్నారు. విసిరాను, జేబులో ఫోను మోగింది, తీశాను.

"అక్కా, జేజి పోయిందక్కా. తెల్లారుజామున. నిద్దర్లోనే," అంది మా ఊరి నస్రీన్.

ఏమన్నానో గుర్తులేదు. తలెత్తి చూస్తే డిస్కు ఇంకా గాల్లోనే ఉంది. దిగబోతున్నదల్లా ఏదో గుర్తొచ్చినట్టు కాస్త పైకి లేచి, పక్కకు ఒరిగి, ఎండలోకి వెళ్లి తెల్లగా మెరిసింది. ఎవరు పట్టుకున్నారో నేను చూడలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా అది ఆ మైదానం మీద ఎక్కడో తేలుతూనే ఉందనిపిస్తుంది.

కడప బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మైదుకూరు దగ్గర పసుపు ఉడకబెడుతున్నారు. ఆవిరి రోడ్డు మీదికి పాకి, బస్సు కాసేపు పచ్చటి పొగమంచులో నడిచింది. ఆ వాసనలో కళ్లు మూసుకుంటే జేజి గొంతు వినబడింది. "ఏంమే, నీకు కాలు ఒక తావున నిలబడదా?" నన్ను చూసినప్పుడల్లా ఆమె అడిగే మొదటి మాట అదే. మంచిదానివా, తిన్నావా లాంటివి తర్వాత.

జేజి అంటే మావైపు నాయనమ్మ. ఆమె నాకు చుట్టం కాదు. ఎదురింటి మనిషి, ఊరందరికీ జేజి. కమలాపురం రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే నేత ఊరు మాది. ఒకప్పుడు ఇంటికో మగ్గం ఆడేదట. ఇప్పుడు ఆడేవాటిని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అప్పట్లో మా వీధిలో ఆడవాళ్లు దారం చుట్టేవాళ్లే కానీ మగ్గం ముందు కూర్చునేవాళ్లు కాదు. జేజి భర్త పోయిన ఏడాది, ఆయన కాళ్లు దించుకుని నేసిన మగ్గం గుంతలోకి ఆమె దిగింది. ముక్కున వేలేసుకున్నవాళ్లతో, "కాళ్లు నావి, గుంత నాది. మీకు యాడ నొప్పి?" అందట. ఈ కథ నాకు ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఆ మాట మాత్రం ముగ్గురి దగ్గరా ఒకటే.

మగ్గం పక్కన ఒక టెంకాయ చిప్ప, అందులో జల్లించిన బూడిద ఎప్పుడూ ఉండేవి. నేస్తుండగా పోగు తెగితే రెండు కొసలూ దగ్గరికి తెచ్చి, చూపుడువేలికి బూడిద అద్దుకుని ఒక్క మెలి తిప్పేది. అంతే, తెగినట్టే ఉండేది కాదు. ఆ వేలి కొన ఎన్నిసార్లు కడిగినా బూడిద రంగులోనే ఉండేది. చిన్నప్పుడు నా చెంప గిల్లితే చెంప మీద ఆ మచ్చ పడేది. బడిలో పిల్లలు నవ్వేవాళ్లు. "తెగిన పోగును వదిలేసి నేస్తే ఎవరికి తెలుస్తాది జేజీ?" అని ఒకసారి అడిగాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "మగ్గానికి కండ్ల్యాడివి మే? నాకుండాయి గదా," అంది.

రెండేళ్ల కిందట డిగ్రీ అయిపోయి నేను ఇంటికొచ్చాను. సంచిలో పుస్తకాల మధ్య ఒక తెల్ల డిస్కు. కాలేజీలో సీనియరు ఒకామె నేర్పిన ఆట అది. ఊళ్లో నాకు ఊపిరాడేది కాదు. దరఖాస్తులు పెట్టడం, ఫలితాల కోసం ఫోను చూడటం, మేడ ఎక్కడం, దిగడం. ఆడకపోతే పిచ్చెక్కేలా ఉందని వీధి ఆడపిల్లల్ని పోగుచేశాను. నస్రీన్ అప్పుడు ఇంటర్లో ఉండేది. వాళ్లమ్మ చీరలకు అంచులు కుట్టేది. అందరికంటే ముందు వచ్చింది నస్రీనే.

మా ఊళ్లో చదునైన జాగా ఒక్కటే, పడుగులు పట్టే బయలు. పడుగంటే చీర పొడవునా ఉండే దారాల వరస. నేతకు ముందు దాన్ని ఆరుబయట బారుగా లాగికట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. తెల్లవారుతూనే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఎత్తేస్తారు. చిన్నప్పుడు నిద్రకళ్లతో తలుపు తీస్తే, నడుమెత్తున గాల్లో ఒక రంగు కాలువ పారుతున్నట్టుండేది. ఒక రోజు ఎరుపు, ఒక రోజు ఆకుపచ్చ. కాసేపటికి మళ్లీ చూస్తే ఏమీ ఉండేది కాదు, మట్టి మీద గంజి చుక్కలు తప్ప. నిజంగా చూశానా, కల కన్నానా అని బడికి నడుస్తూ ఆలోచించేదాన్ని.

ఆ బయలు మీద పెత్తనం జేజిది. ఎవరూ ఇచ్చింది కాదు, వయసుతో వచ్చింది. అడగడానికి వెళ్తే మగ్గం ఆపకుండానే విన్నది.

"ఏం ఆట మే అది? తట్టను ఇసిరి పట్టుకొనేదా?" మావైపు కంచాన్ని తట్ట అంటారు. డిస్కు ఆమెకు చివరిదాకా తట్టే.

"అవు జేజీ. ఈ పక్క నలుగురు, ఆ పక్క నలుగురు."

"రెండు దిక్కులా గోలు ఉంటాది గదా, మా పెద్దోడు ఆడే బంతాట మాదిరి?"

"లేదు, ఒకటే. కమాను మాదిరి ఉంటాది. రెండు జట్లకూ అదే. డిస్కు కమాను లోపలి నుంచి పోవల్ల, అవతల మనోళ్లే పట్టుకోవల్ల. అప్పుడు మనకొక పాయింటు."

"ఒకే వాకిట్లో ఇద్దరు కోడండ్లు," అంది. "ఊఁ, చెప్పు."

"చేతిలో డిస్కుంటే నడవగూడదు, నిలబడి ఇసరల్ల. కింద పడితే అవతలోళ్లది. దొరికింది గదా అని వాళ్లు సీదా కమాను దిక్కు పోయేకి లేదు. ముందు గీత బయటికి తీసకపోయి, మళ్లీ లోపలికి రావల్ల. మనిషిని తాకగూడదు. అంతా శానా బిరీన జరుగుతాది జేజీ, ఊపిరి తీసుకొనేకి సందుండదు."

"తాకితే?"

"తప్పు. డిస్కు మొదటి తావుకు పోతాది. ఆడ నుంచి మళ్లీ ఆట."

"తప్పని ఎవరు చెప్పేది? ఈల ఊదేటాయన ఉంటాడు గదా?"

"ఉండడు జేజీ. ఈ ఆటలో ఎవరి తప్పు వాళ్లే చెప్పల్ల."

మగ్గం ఆగింది. జేజి నా ముఖంలోకి చూసింది. "మన కడప జిల్లాలోనా?" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, నీళ్లు తాగి, కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. నాకు కోపం వచ్చింది కూడా.

"సరే, ఆడుకోండి పోండి," అంది చివరికి. "పొద్దన్నే పడుగులు లేచేదాంక మీ కాలు ఆ బయల్లో పడగూడదు. నా పడుగు మీద ఆ తట్ట పడిందో, ఆ పొద్దే మీ ఆట ఆఖరు. తెల్సిందా?"

తెలిసింది.

కమాను కూడా ఆమె ఇచ్చిందే. పెరట్లో చుట్టచుట్టి పడేసిన నల్లటి బోరు పైపు. "మా పెద్దోడు బోరేపిచ్చె. నీళ్లు పడలే. ఎన్నేండ్లని పాముల్ని సాకేది దాన్తో?" అంది. ఒక ముక్క కోసి, రెండు కొసలూ భూమిలో పాతి వంచితే మనిషి కన్నా ఎత్తున కమాను లేచింది. నీళ్లు చూడని పైపులోంచి సాయంత్రాలు గాలి ఊది, సన్నగా ఏదో పలికేది. ఎండ తగ్గాక, ఎర్రటి దుమ్ములో, ఆ పలుకు కిందే మేము ఆడేవాళ్లం.

కొత్తవాళ్లు ఎవరైనా చేసే తప్పులే మేమూ చేశాం. డిస్కు చుట్టూ ఈగల్లా ముసిరేవాళ్లం. ఖాళీ జాగా చూసుకుని దూరంగా పరుగెత్తిన పిల్లను ఎవరూ చూసేవాళ్లే కాదు. పరుగెత్తుతున్న మనిషికి డిస్కు విసిరితే, అది ఆమె వీపు వెనక పడేది. అరుగు మీద ఆకూవక్కా నములుతూ జేజి చూసేది. మూడో రోజు ఆగలేకపోయింది.

"ఉన్న తావుకు ఇసురుతాండావేం మే! నాడె అట్ల పోతాదా? చెయ్యి యాడికి వస్తాదో ఆడికి పంపల్ల!"

నాడె అంటే దారం కడుపులో పెట్టుకుని మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తేది. ఈ చేయి విసురుతుంది, అప్పటికే ఆ చేయి ఆ కొసన కాచుకుని ఉంటుంది. జేజి మాట నస్రీన్‌కు ముందు అందింది. ఆ రోజు నుంచి ఆమె ఖాళీ జాగాలోకి విసరడం మొదలుపెట్టింది. ఖాళీ జాగాలోకి విసిరిన డిస్కు కింద ఎవరో ఒకరు ప్రత్యక్షమయ్యేవాళ్లు. చూడటానికి మాయలా ఉండేది.

జేజి ఎవరి పక్షమో మాకు ఎన్నడూ తెలియలేదు. కమానులోంచి డిస్కు దూరినప్పుడల్లా, ఎవరు వేసినా, "పాయ!" అని తొడ చరిచేది.

గాలి లేస్తే ఆట చెడిపోయేది. డిస్కు ఎటో కొట్టుకుపోయేది, మేము గాలిని తిట్టేవాళ్లం. ఒక సాయంత్రం జేజి మూరెడు ఎర్ర దారం తెచ్చి నస్రీన్ చేత కమాను నెత్తిన కట్టించింది. "ఇది అడ్డంగా ఉండాదంటే గాలుండాది. తట్ట చేతిలో పట్టుకొని నిలబడు. కిందికి దిగినాక ఇసురు. గాలితో కొట్లాడితే పడుగూ మిగలదు, పరువూ మిగలదు." ఆటలో అంతసేపు ఆగడానికి లేదు, ఎదుటివాళ్లు గట్టిగా లెక్కపెడుతుంటారు. ఆ లెక్క తీరేలోగా విసరాలి. ఆ మాట చెబితే, "అయితే లెక్క పెట్టేటోళ్లను కూడా గాలిని సూడమను," అంది. మేము ఒప్పుకున్నాం. గాలి లేచినప్పుడు లెక్క ఆగేది. ఎనిమిది మందిమీ మెడలెత్తి దారం వైపు చూస్తూ నిలబడేవాళ్లం. ఇలా ఇంకెక్కడా ఆడరు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా జేజి గురించి ఎంత రాసినా వట్టిదే.

ఆ ఆషాఢంలో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. జాబితాలో నా పేరు లేదు. మర్నాడు తెల్లవారకముందే మెలకువొచ్చింది. ఇంట్లో కాళ్లు నిలవలేదు. డిస్కు మామూలుగా నస్రీన్ ఇంట్లోనే ఉండేది. మా అమ్మ కంటపడితే చదువు సంగతి ఎత్తుతుందని అక్కడ పెట్టేదాన్ని. ముందు రోజు సాయంత్రం మాత్రం ఎవరికీ చెప్పకుండా నేనే వెంట తెచ్చుకున్నాను. దాన్ని తీసుకుని బయలు చివరికి వెళ్లాను. జేజి పడుగు అప్పటికే లాగికట్టి ఉంది. నెమలికంఠం రంగు, గంజికి తడిసి మెరుస్తోంది. కుండలో గంజి అయిపోయిందేమో, ఆమె లోపలికి వెళ్లింది. మనిషి జాడ లేదు. ఒక్కసారి విసిరి వెళ్లిపోదాం అనుకున్నాను. దారం వైపు చూడలేదు.

డిస్కు చక్కగానే వెళ్లింది. తర్వాత గాలి దాన్ని భుజం మీద చెయ్యేసి తిప్పుకుపోయినట్టు తిప్పుకుపోయింది. పడుగులోకి దిగింది. చప్పుడు లేదు. ఇప్పటికీ నాకు కలలో వచ్చేది ఆ చప్పుడు లేకపోవడమే. నెమలికంఠం కాలువలో ఒక చిన్న చీలిక. తెగిన కొసలు నీళ్లలో నాచులా లేచి ఊగాయి. నేను వంగి, పడుగు కిందనుంచి డిస్కు తీసుకుని, గోడ వెనకగా ఇంటికి వెళ్లిపోయాను. గంజి అంటిన చేతులు కడుక్కుని పుస్తకం తెరిచాను. దారిలో డిస్కును నస్రీన్ వాళ్ల అరుగు మీద పెట్టేశాను. అది ఎందుకు చేశానో అప్పుడు ఆలోచించలేదు. ఎప్పుడూ ఉండే చోటే కదా అనుకున్నాను.

కాసేపటికి బయట మాటలు. కుక్క దూరిందని ఒకరు. కుక్క కాదు, ఆ ఆడపిల్లల తట్టేనని ఇంకొకరు. తట్ట ఎవరింట్లో ఉంటుందో వీధికంతా తెలుసు. పడుగు లాగినప్పుడు నస్రీన్ వాకిలి ఊడుస్తూ కనబడిందని కూడా ఎవరో అన్నారు. నేను వెళ్లేసరికి నస్రీన్ వాళ్లమ్మ డిస్కును జేజి కాళ్ల దగ్గర పడేసి నిలబడి ఉంది.

"నా బిడ్డ ముట్టుకోలేదంటాంది జేజీ. అది అబద్ధం చెప్పదు. అయినా ఇంక ఆటకు పంపను. మాట పడేకి మేము లేము."

జేజి పడుగు మీదికి వంగి తెగిన పోగులు ఒక్కొక్కటే వెతుక్కుంటోంది. పక్కన బూడిద చిప్ప. నేను నోరు తెరిచాను. మళ్లీ నోరు మూసుకున్నాను. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆమె వంగినది వంగినట్టే ఉంది. నేను మేడ మీదనుంచి చూస్తూనే ఉన్నాను.

సాయంత్రం మిగిలినవాళ్లం కమాను దగ్గర చేరి, "ఆఖరు" అనే మాట కోసం ఎదురుచూశాం. జేజి వచ్చి అరుగు మీద కూర్చుని, ఆకుకు సున్నం రాసుకుంది.

"ఏం సూస్తాండారు? ఆడండి."

ఆ వారంలోనే పక్క వీధి నుంచి ఒక పిల్ల వచ్చింది. నేను ఆట వివరించాను. అరుగు మీదనుంచి జేజి కేకేసింది. "ఏంమే, కొత్త పాపకు అంతా చెప్పినావా?"

"చెప్పినా జేజీ."

"తప్పు జేస్తే ఎవరు పట్టుకుంటారో చెప్పినావా?"

"ఎవరి తప్పు వాళ్లే చెప్పల్ల," అన్నాను.

"ఆఁ," అని ఆకు నోట్లో పెట్టుకుంది. నా వైపు చూడనైనా లేదు.

రెండు రోజులకు ఇంకో పిల్ల. మళ్లీ అదే కేక, మళ్లీ నా నోటితో అదే జవాబు. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించేది. నస్రీన్ లేని ఆట కూడా వింతగా ఉండేది. ఖాళీ జాగాలోకి ఎవరూ విసిరేవాళ్లు కాదు. సాయంత్రం ఆమె ఇంటి ముందునుంచి వెళ్తే లోపల కుట్టుమిషను చప్పుడు వినబడేది. తలుపు సగం మూసి ఉండేది.

ఎనిమిదో రోజు మూడో కొత్త పిల్ల వచ్చింది, జడలకు రిబ్బన్లతో, బడినుంచి నేరుగా. నేను మొదలుపెట్టాను. ఈ పక్క నలుగురు, ఆ పక్క నలుగురు, ఒకటే కమాను. జేజి కేకేయకముందే ఆ పిల్లే అడిగింది. "అట్లయితే తప్పు జేసినోళ్లు గమ్మున ఉంటే ఎట్లక్కా?"

అరుగు మీద ఆకు నమలడం ఆగింది. ఆ చప్పుడు ఆగడం అంత దూరానికి నాకు వినబడింది. కమాను మీద దారం సన్నగా ఊగుతోంది.

"జేజి పడుగు తెంపింది నేను," అన్నాను. "నస్రీన్ కాదు. నేనే. పొద్దన్నే వచ్చి ఇసిరినా."

 జేజి లేచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటూ బయల్లోకి నడిచి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"సరే. మీ ఆటలో ఇప్పుడేం జెయ్యల్ల?" అంది.

"డిస్కు మొదటి తావుకు పోవల్ల."

"యాడుండాది మొదటి తావు?"

నేను నస్రీన్ వాళ్ల తలుపు వైపు చూశాను.

"పో మరి."

డిస్కు రెండు చేతులతో పట్టుకుని వెళ్లాను. చెప్పాను. కుట్టుమిషను ఆగింది. నస్రీన్ వాళ్లమ్మ లేచి వచ్చి, "నా బిడ్డను ఎనిమిది దినాలు దొంగను చేస్తివే పాపా," అంది. అరవలేదు. లోపలినుంచి నస్రీన్ గొంతు వచ్చింది. "తట్ట ఆడ పెట్టి పొమ్మనమ్మా. నాతో మాట్లాడొద్దని చెప్పు." అరుగు మీద పెట్టి వచ్చేశాను. అదే అరుగు.

మూడు రోజులకు నస్రీన్ బయల్లోకి వచ్చింది. వాళ్లమ్మ వెంట వచ్చి, కమాను దగ్గరిదాకా దిగబెట్టి, అందరూ చూసేలా కాసేపు నిలబడి వెళ్లింది. నస్రీన్ డిస్కును నా మీదికి ఎంత బలంగా విసిరిందంటే పట్టుకున్న అరచేతులు మండిపోయాయి. "పట్టుకో!" అంది. అక్కా అని లేదు. ఆ పిలుపు తిరిగి రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

జేజి నాకు వేరే శిక్షేమీ వేయలేదు, ఒకటి తప్ప. ఆ నెలంతా రోజూ తెల్లవారకముందే లేపి పడుగు దగ్గర నిలబెట్టింది. "చేతికి పని లేకనే మే నీ కాళ్లు నిలబడవు," అనేది. బూడిద అద్ది మెలి తిప్పడం నేర్పింది. నాకు సరిగా రాలేదు. "ఇది ముడా, చింతగింజా?" అని పక్కింటామెను పిలిచి మరీ చూపించేది. గంజి వాసన, తడి దారాల మీద పాకే మొదటి ఎండ, ఆ కొస జేజి, ఈ కొస నేను. మధ్యలో రంగు కాలువ. కొన్నిసార్లు ఆమె ముఖం ఆ మసక వెలుతురులో కనబడేది కాదు, దారం కదలికను బట్టి మాత్రమే ఉందని తెలిసేది. ఎక్కడికైనా వెళ్లిపోవాలని కాకుండా ఉన్న చోటే ఉండాలనిపించిన రోజులు నా జీవితంలో అవే అనుకుంటాను.

ఆ నెమలికంఠం చీర పూర్తయ్యాక, మడత పెట్టకముందు, జేజి నన్ను పిలిచింది. కళ్లు మూసుకోమని నా వేలు పట్టుకుని బట్ట మీద నడిపించింది. జానెడు మేర సన్నటి గింజలు తగిలాయి. కళ్లు తెరిచి చూస్తే ఏమీ లేదు, చీరంతా ఒకటే నీలం.

"నేనేనని నీకు ముందే తెల్సా జేజీ?" అని అప్పుడు అడిగాను.

"పడుగు ముందర ఇన్నేండ్లు నిలబడినా. కుక్క తెంపిందేదో అంచు తగిలి తెగిందేదో తెలీదా? నస్రీను వాకిలి ఊడ్చి బిందెత్తుకొని నీళ్లకు పాయ, నేను గంజికి లేచేముందే సూస్తి. ఇంగ కాలు నిలబడక తెల్లారకముందే తట్ట ఇసిరేటోళ్లు ఈ వీధిలో నువ్వు గాక ఇంకెవరుండారు?"

"మరి ఎందుకు అడగలేదు?"

చీర మడిచి ఒళ్లో పెట్టుకుని, బూడిద వేలితో నా చెంప గిల్లింది. "మీ ఆటలో అడిగేటాయన ఉండడంటివి గదా."

ఆ తర్వాత నేను కర్నూలుకు ఉద్యోగానికి వెళ్లాను. పొద్దున్నే అక్కడి అమ్మాయిలకు ఈ ఆట నేర్పడం మొదలుపెట్టాను. ప్రతి కొత్త జట్టూ మొదటి రోజే అడుగుతుంది, రెఫరీ ఎవరక్కా అని. నవ్వుతారు కూడా. ఆ నవ్వు నాకు తెలుసు. ఊరికి వెళ్లినప్పుడల్లా జేజి అరుగు మీద ఉండేది. ఈ మధ్య దూరపు చూపు తగ్గింది. డిస్కు కనబడేది కాదు, మా అడుగుల చప్పుడు విని "పాయ!" అనేది. ఒక్కోసారి కమానులోంచి ఏదీ పోకపోయినా అనేది. అప్పుడు ఎవరమూ కాదనేవాళ్లం కాదు.

నేను చేరేసరికి వీధి నిండా జనం. జేజిని సాగనంపడం అప్పటికే అయిపోయింది. మూడో రోజు సాయంత్రం జేజి ఇంట్లోకి వెళ్లాను. మగ్గం మీద సగం చీర ఉంది. అంచు ఎరుపు, ఒళ్లు పసుపు. పక్కన టెంకాయ చిప్ప, బూడిదలో వేలి గుర్తు. ఎవరూ దాన్ని కదపలేదు. నేనూ కదపలేదు. వాళ్ల పెద్ద కొడుకు గడపలో నిలబడి, "మిగతాది నేను నేస్తా పాపా. నీకు పొద్దన్నే తీరితే ఇంకో పడుగుకు ఒక కొస పట్టుకో," అన్నాడు.

బయటికి వస్తే నస్రీన్ కమాను దగ్గర నిలబడి ఉంది. చేతిలో డిస్కు. పిల్లలు చుట్టూ ఉన్నారు కానీ ఎవరూ మొదలుపెట్టడం లేదు.

"ఆడదామా అక్కా?"

"ఆడదాం."

నేను నస్రీన్‌కు ఎదురు జట్టు. దుమ్ము లేచింది. పైపు ఎప్పటిలా సన్నగా పలుకుతోంది. నస్రీన్ ఖాళీ జాగాలోకి విసరబోయింది, నేను అడ్డంగా చెయ్యి చాచాను. నా వేలి కొన ఆమె మణికట్టుకు తగిలింది, దారపు పోగు తగిలినంత. డిస్కు వంకరగా లేచి కింద పడింది. "మనదే! మనదే!" అని మా జట్టు పిల్లలు అరిచారు. నస్రీన్ కూడా తన చేయి జారిందనే అనుకుని వెనక్కి తిరిగింది. ఎవరూ చూడలేదు. అరుగు మీద జేజి కూర్చుని కూర్చుని నున్నబడిన రాయి ఉంది, దాని మీద సాయంత్రపు ఎండ ఉంది.

"తగిలింది," అన్నాను. "నాదే తప్పు."

డిస్కు తీసుకెళ్లి నస్రీన్ చేతిలో పెట్టాను. ఆమె విసరడానికి చేయి వెనక్కి తీసి, ఆగి, తలెత్తింది. అందరం తలెత్తాం. కమాను మీద ఎర్ర దారం అడ్డంగా చాచుకుని ఉంది. నేను లెక్క ఆపేశాను. వీధిలో ఎక్కడో మగ్గం ఒకటి ఆడుతోంది. మేము ఎనిమిది మందిమీ మెడలెత్తి, ఆ దారం మెల్లగా, చాలా మెల్లగా, కిందికి దిగేదాకా నిలబడ్డాం.